వంతెన కింద మూరెడు గట్టు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పటాన్ని ఒకసారి ముందు పెట్టుకొని చూద్దాం. పడమట తూర్పు కనుమలు, తూర్పున సముద్రం. కొండల్లో పుట్టిన నీరంతా పడమటి నుంచి తూర్పుకు దిగివస్తుంది. ఇచ్ఛాపురం దగ్గరి బాహుదా మొదలుకొని మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి వరకు నదులన్నిటిదీ అదే నడక. వాటి మధ్య పేరున్నవీ పేరులేనివీ లెక్కలేనన్ని గెడ్డలు. మనుషుల దారి మాత్రం వీటికి అడ్డంగా పడింది. 2010కి ముందు 5వ నంబరు అని పిలిచిన నేటి 16వ నంబరు జాతీయ రహదారి తీరం వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. దానికి తోడుగా హౌరా-చెన్నై రైలుకట్ట ఉంది.

అందువల్ల ఈ నేలమీద నీరూ, దారీ అడుగడుగునా ఎదురుపడతాయి. ఎదురుపడిన ప్రతిచోటా ఒక పెద్ద వంతెనో, రెండు ఖానాల కల్వర్టో, కనీసం ఒక సిమెంటు తూమో ఉంటుంది. పైన మనం వెళతాం, కింద నీరు వెళుతుంది. పైన పోయే వాహనాలను మడపాం, నాతవలస టోల్‌గేట్లు ఒక్కొక్కటిగా లెక్కపెడతాయి. కింద పోయే ప్రాణుల లెక్క ఏ రసీదులోనూ కనిపించదు. కప్పలు, పాములు, ముంగిసలతోపాటు సగం బతుకు నీటిలో, సగం బతుకు నేలమీద గడిపే రెండు వన్యమృగాలకు ఆ కింది దారి ప్రాణాధారం. అవి నీటికుక్క, బావురుపిల్లి. వాటికి ఆ దారి ఎప్పుడు దారి అవుతుందో, ఎప్పుడు గోడ అవుతుందో వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఇద్దరు నీటి బాటసారులు

నీటికుక్క పేరులో కుక్క ఉన్నా అది కుక్కజాతికి చెందదు. పొడవాటి శరీరం, పొట్టి కాళ్లు, బల్లపరుపుగా ఉండే బలమైన తోక దాని గుర్తులు. మనదేశంలో మూడు రకాల నీటికుక్కలు ఉన్నాయి. వాటిలో మైదానపు నదుల్లో, ఉప్పుటేర్లలో, మడ అడవుల్లో తిరిగేది నున్నని బొచ్చుగల రకం. దీని బరువు సుమారు 7 నుంచి 11 కిలోలు. వేళ్ల మధ్య పొర ఈతకు తెడ్డులా ఉపయోగపడుతుంది. నీట మునిగినప్పుడు ముక్కు రంధ్రాలు, చెవులు మూసుకుపోతాయి. ఇది కుటుంబ జీవి. తల్లీ తండ్రీ పిల్లలూ గుంపుగా తిరుగుతాయి, కలిసి చేపలను తరిమి పట్టుకుంటాయి. పిల్లలు పుట్టుకతోనే ఈతగాళ్లు కావు. తల్లి వాటిని నీటిలోకి దింపి నేర్పవలసిందే.

బావురుపిల్లి ఇంటిపిల్లికి దాదాపు రెట్టింపు ఉంటుంది. బూడిదరంగు ఒంటిమీద నల్లని మచ్చలు, చారలు ఉంటాయి. పిల్లి అంటే నీటికి భయపడేదని మనకు తెలుసు. ఈ పిల్లికి మాత్రం నీరే వంటిల్లు. రాత్రివేళ ఒడ్డున కదలకుండా కూర్చొని, చేప దగ్గరికి రాగానే పంజా విసురుతుంది. అవసరమైతే నీటిలోకి దూకి ఈదుతూ పట్టుకుంటుంది. దాని బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. దట్టమైన లోపలి పొర నీటిని చర్మం దాకా చేరనివ్వదు. జమ్ము, తుంగ, మొగలి పొదలు దానికి పగటి నివాసాలు. ఏ ప్రాణికి ఏ తావు కేటాయించాడో ఆ తావుకు తగిన ఒంటినే సృష్టికర్త దానికి ఇచ్చాడని ఈ రెండింటినీ చూస్తే అర్థమవుతుంది.

ఈ రెండు జాతులూ ప్రపంచవ్యాప్తంగా ముప్పు అంచున ఉన్నట్లు ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సమాఖ్య గుర్తించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో బావురుపిల్లి మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పులికి ఇచ్చిన రక్షణే దానికీ ఉంది. నున్నని బొచ్చుగల నీటికుక్కను 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే జాబితాలోకి చేర్చారు.

ఇక మన ప్రాంతానికి వీటితో ఉన్న సంబంధాన్ని పటమే చెబుతుంది. ఇచ్ఛాపురానికి ఆనుకొని ఉన్న గంజాం జిల్లా మొదలుకొని చిలికా సరస్సు విస్తరించి ఉంది. అక్కడ 176 బావురుపిల్లులు ఉన్నాయని 2022లో ప్రకటించిన గణన అంచనా వేసింది. దక్షిణాన కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యంలో 2018 గణనలో 115 లెక్కకు వచ్చాయి. కోరింగ మడ అడవులు నీటికుక్కలకు కూడా పేరు పొందాయి. ఈ రెండు స్థావరాల మధ్య తీరం మనది. శ్రీకాకుళం జిల్లాకే సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. సోంపేట బీల, నౌపడ ఉప్పునేలలు, తేలినీలాపురం పక్షుల నెలవు, కళింగపట్నం దగ్గర వంశధార సాగరసంగమం, కోనాడ దగ్గర చంపావతి సంగమం ఈ తీరంలోని తడినేలలు. తడినేల విలువ ఇక్కడి ప్రజలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. సోంపేట బీలను థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి కాపాడుకోవడానికి సాగిన ఉద్యమంలో 2010 జూలై 14న ప్రాణాలే పోయాయి.

చిన్న గుంపులుగా విడిపోయిన జంతువులు ఒకదానితో ఒకటి కలవలేకపోతే వాటిలో దగ్గరి రక్తసంబంధాలు పెరిగి సంతానం బలహీనపడుతుంది. కొత్త తావు వెతుక్కొనే ఈడొచ్చిన పిల్లలే ఒక గుంపు నెత్తుటిని మరో గుంపుకు మోసుకుపోతాయి. ఆ ప్రయాణం గెడ్డల వెంట, కాలువల వెంట సాగుతుంది. గెడ్డ వెంట నడిచే జీవికి రోడ్డు కట్ట తప్పకుండా ఎదురవుతుంది.

ఈదగలిగిన జీవి రోడ్డెందుకు ఎక్కుతుంది?

సహజంగానే ఒక సందేహం కలుగుతుంది. ఇవి ఈత వచ్చిన జంతువులు గదా! వంతెన కింద నీరుంటే ఈదుకుంటూ పోవచ్చు గదా! రోడ్డు పైకి ఎక్కి లారీ కింద ఎందుకు పడాలి?

దీనికి సమాధానం బ్రిటన్‌లో దొరికింది. అక్కడ 1971 నుంచి 1996 వరకు రోడ్లపై చనిపోయిన నీటికుక్కల వివరాలను పరిశోధకులు పరిశీలించారు. అత్యధిక మరణాలు నీటి ఒడ్డుకు 100 మీటర్ల లోపే జరిగాయి. అంటే, నీటి దారిలో వస్తున్న జంతువే వంతెన దగ్గరకు వచ్చి రోడ్డెక్కుతోంది. వర్షాలు ఎక్కువై నదులు పొంగిన కాలంలో ఈ మరణాలు పెరుగుతున్నట్లు కూడా వారు గమనించారు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. మామూలు రోజుల్లో వంతెన కింద నీరు నెమ్మదిగా పారుతుంది, ఒడ్డున కొంత పొడినేల మిగులుతుంది. నీటికుక్క కొంత ఈదుతూ, కొంత నడుస్తూ, రాళ్లపై తన మలంతో గుర్తులు పెడుతూ అవతలికి పోతుంది. వరద వచ్చినప్పుడు ఇరుకైన ఖానాలోకి నీరంతా ఒక్కసారిగా తోసుకొస్తుంది. పొడి ఒడ్డు మునిగిపోతుంది. ఎదురు ప్రవాహంలో ఈదడం పెద్ద జంతువుకే కష్టం, వెంట పిల్లలున్న తల్లికి అసాధ్యం. అప్పుడు అది నీటి నుంచి బయటికి వస్తుంది, కట్ట ఎక్కుతుంది, రోడ్డు దాటబోతుంది. అది చీకటివేళ. పైగా వాన. డ్రైవరుకు ముందున్న రోడ్డే సరిగా కనిపించదు.

బావురుపిల్లి విషయంలో ఇబ్బంది మరికొంత ఎక్కువ. అది ఈదగలదు కానీ దాని ప్రయాణం ప్రధానంగా ఒడ్డు వెంటే సాగుతుంది. గోడ నుంచి గోడకు నీరు నిండిన చీకటి తూములోకి దిగడం కంటే పొదల మాటున కట్ట ఎక్కడమే దానికి సులువుగా తోస్తుంది.

ఇప్పుడు మన ఋతువులను గుర్తు చేసుకుందాం. జూన్ నుంచి గెడ్డలు పారుతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తుపానులు వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస పరిసరాల్లో తీరం దాటింది. వంశధార, మహేంద్రతనయ, బాహుదా పొంగిపొర్లాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరాన్ని తాకింది. అటువంటి రాత్రుల్లో మనం తలుపులు వేసుకొని ఇంట్లో కూర్చుంటాం. గెడ్డ ఒడ్డున గూడు మునిగిన జంతువు కుటుంబంతో సహా దారి పట్టేది సరిగ్గా ఆ రాత్రుల్లోనే. వంతెన కింద దారి ఎక్కువ అవసరమైన రాత్రే ఆ దారి మూసుకుపోతుంది. సమస్య అంతా ఈ ఒక్క మాటలో ఉంది.

పోగొట్టుకొని తెలుసుకున్న దేశం

నెదర్లాండ్స్ నీటితో నిండిన దేశం. కాలువలు, సరస్సులు, పల్లపు నేలలు అక్కడ అంతటా కనిపిస్తాయి. ఒకప్పుడు నీటికుక్కలు సమృద్ధిగా ఉండేవి. వేట, నీటి కాలుష్యం, రోడ్లు కలిసి వాటిని తరిగించాయి. ఆ దేశంలో మిగిలిన చివరి నీటికుక్క 1988లో ఒక వాహనం కింద పడి చనిపోయింది. 2002లో ఇతర దేశాల నుంచి నీటికుక్కలను తెచ్చి మళ్లీ వదిలారు. అవి నిలదొక్కుకున్నాయి, సంతానాన్ని పెంచుకున్నాయి. అయినా నేటికీ వాటి మరణాలకు ప్రధాన కారణం రోడ్డే. అందుకే అక్కడ కాలువ దాటే వంతెనల కింద నడకదారులు, రోడ్డు పక్కన కంచెలు కడుతూ వస్తున్నారు. ఉన్నప్పుడు ఒక గట్టుతో నిలుపుకోగలిగినదాన్ని పోయాక తిరిగి తేవడానికి ఎన్ని పాట్లు పడవలసి వచ్చిందో గమనించండి.

మన నీటికుక్కకు స్వయానా బంధువులే సింగపూరులో ఉన్నాయి, అదే నున్నని బొచ్చుగల జాతి. అక్కడ అవి దాదాపు కనుమరుగై, నదులను శుభ్రం చేసిన తరువాత 1998లో తిరిగి కనిపించాయి. ఇప్పుడు మహానగరం నడిబొడ్డున వాననీటి కాలువల్లో, రోడ్ల కింది తూముల్లో కుటుంబాలుగా తిరుగుతున్నాయి. కింద దారి లేనిచోట రోడ్డు మీదికి వస్తాయి. 2022లో అధ్యక్ష భవనం దగ్గర పోలీసులు వాహనాలను ఆపి ఒక నీటికుక్కల కుటుంబాన్ని దాటించారు. ఆ దృశ్యం ముచ్చటగానే ఉంటుంది, కానీ ప్రతి గెడ్డ దగ్గరా ప్రతి రాత్రీ పోలీసును నిలబెట్టలేం. ఆ పని వంతెనే చేయాలి.

జపానులోని ఇరియోమోతే దీవిలో ఒక చిన్న అడవిపిల్లి ఉంది. ప్రపంచం మొత్తం మీద అది ఆ ఒక్క దీవిలోనే, సుమారు వందకు మించకుండా బతుకుతోంది. వాగుల్లో దిగి ఈదుతూ వేటాడే అలవాటు దానికీ ఉంది. ఆ దీవిలో వేసిన రోడ్డు కింద దాని కోసమే వందకు పైగా చిన్న దారులు ఏర్పాటు చేశారు. మనదేశంలో నాగపూరు వైపు పెంచ్ అడవి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి కింద 9 మార్గాలు కట్టారు. 2019లో వాటి కింద కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల వన్యప్రాణులు ఆ దారిన పోతున్నట్లు తేలింది. వాటిలో పులులు కూడా ఉన్నాయి. దారి సరిగ్గా ఉంటే జంతువు దాన్ని కనిపెట్టి వాడుకుంటుందని ఇది చాటుతోంది.

మూరెడు గట్టు కొలతలు

బ్రిటన్ రహదారి ఇంజనీర్లు నీటికుక్కల కోసం రూపొందించుకున్న నియమాలు ఆశ్చర్యం కలిగించేంత సాదాగా ఉంటాయి. వంతెన లోపలి గోడ వెంట అర మీటరు వెడల్పున ఒక గట్టు ఉండాలి. మన లెక్కలో అది ఇంచుమించు ఒక మూర. అత్యధిక వరద మట్టానికి కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున అది ఉండాలి. గట్టుకూ వంతెన పైకప్పుకూ మధ్య 60 సెంటీమీటర్ల ఖాళీ చాలు. ముఖ్యంగా గట్టు రెండు కొసలూ ఒడ్డుతో వాలుగా కలవాలి. గాలిలో వేలాడే గట్టును ఏ జంతువూ ఎక్కదు.

గట్టు కట్టడానికి వీలులేనిచోట రోడ్డు కట్టలో, నీటి దారికి పక్కన, వరద అందని ఎత్తున పొడి తూము వేస్తారు. 20 మీటర్ల పొడవు వరకు 60 సెంటీమీటర్ల వ్యాసం గల తూము సరిపోతుంది. అంతకు మించితే 90 సెంటీమీటర్లు కావాలి. చివరిగా, రోడ్డు అంచున రెండు వైపులా కొంత దూరం కంచె వేసి, జంతువు ఆ తూము వైపే తిరిగేలా చేస్తారు. గట్టు ఒక్కటే కట్టి కంచె వదిలేస్తే పని సగమే అయినట్లు.

ఇంజనీర్లకు ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంటుంది. ఇప్పటికే ఇరుకైన ఖానాలో గట్టు కడితే వరద పోయే చోటు మరింత తగ్గుతుంది గదా అంటారు. నిజమే. అందుకే కొత్త వంతెన కట్టేటప్పుడు గట్టుకు కావలసిన వెడల్పును కలుపుకొని ఖానాను పెద్దదిగా వేయాలి. పాత వంతెన అయితే గోడకు బిగించిన సన్నని పలకలు, లేదా పక్కన పొడి తూము మేలు. పెద్ద ఖానా వల్ల లాభం జంతువుకే పరిమితం కాదు. రోడ్డుకట్టకు ఎగువన నీరు నిలిచి వరిచేలు కుళ్లిపోవడం మన జిల్లాల రైతులకు తెలియని బాధ కాదు. నీటికుక్కకు చోటిచ్చే ఖానా వరదకూ చోటిస్తుంది.

మన కల్వర్టుల సంగతి

మన రహదారిపై మడపాం దగ్గర వంశధార మీద, శ్రీకాకుళం దగ్గర నాగావళి మీద ఉన్నటువంటి పెద్ద వంతెనలతో అంత చిక్కు లేదు. నది వెడల్పుగా ఉంటుంది, రెండు ఒడ్డుల పైనా వంతెన కింద నడిచే నేల మిగులుతుంది. అసలు చిక్కు చిన్న గెడ్డలతోనే. గోడ నుంచి గోడకు నీరు నిండే పెట్టెలాంటి కల్వర్టులు, సిమెంటు తూములు ప్రాణికి పరీక్ష పెడతాయి. దిగువ కొసలో నేల కోసుకుపోయి, తూము మూతి గాలిలోకి తేలి ఉంటే కిందనుంచి వచ్చే జంతువు లోపలికి ఎక్కనే లేదు.

రోడ్డు వెడల్పు పెరిగినకొద్దీ కింది దారి పొడవు పెరుగుతుంది. ఈ రహదారి ఒకనాడు రెండు వరుసలు. స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరుసలయింది. నరసన్నపేట నుంచి ఆనందపురం వరకు ఆరు వరుసలకు విస్తరించారు. పాత తూముకు రెండు కొసలా కొత్త తూము అతికించుకుంటూ పోతే మిగిలేది పొడవైన చీకటి గొట్టం. ఆరు వరుసల రోడ్డు పైన చెప్పిన 20 మీటర్ల హద్దును సునాయాసంగా మించిపోతుంది.

ఇక పడమటి వైపు రాయపూరు-విశాఖపట్నం ఆరు వరుసల రహదారి నిర్మాణం చేపట్టారు. సుమారు 464 కిలోమీటర్ల ఆ మార్గం సాలూరు కొండల వైపు నుంచి దిగి విజయనగరం జిల్లా గెడ్డలను దాటుకుంటూ సబ్బవరం చేరుతుంది. తీరంలో మూలపేట ఓడరేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది. ఓడరేవు వస్తే దానికి రోడ్లూ వస్తాయి. అభివృద్ధికి మేము వ్యతిరేకులం కాము. ఆసుపత్రికి పోయే అంబులెన్సు, కళాశాలకు పోయే పిల్లల బస్సు ఈ రోడ్ల మీదే నడవాలి. అయితే ఒకసారి పోసిన కాంక్రీటు ఒక తరం దాటినా అలాగే నిలుస్తుంది. నక్షా గీసే రోజున మూరెడు గట్టు ఒక గీత. కట్టడం పూర్తయ్యాక అదే గట్టు ఒక పెద్ద కార్యం.

ఇంటివారు చేయగలిగినది

ఇదంతా ప్రభుత్వం, ఇంజనీర్లు చూసుకోవలసిన వ్యవహారమని పాఠకులు అనుకోవచ్చు. కొంతవరకే అది నిజం. దారిలో ముల్లు కనిపిస్తే తీసి పక్కన వేయాలని, అది కూడా దానధర్మమేనని మన ఇళ్లలో పెద్దలు పిల్లలకు నేర్పుతూ వచ్చారు. ఆ దారి మనుషులదే అయి ఉండాలన్న నియమం అందులో లేదు.

ఊరి చివరి కల్వర్టును మనం చెత్తకుండీగా మార్చుకున్నాం. ప్లాస్టిక్ సంచులు, పాత పరుపులు, కోళ్ల దుకాణాల వ్యర్థాలు అక్కడే పడతాయి. చెత్త ఖానాను పూడుస్తుంది, మాంసపు వ్యర్థాలు వీధికుక్కల గుంపులను రప్పిస్తాయి. కుక్కలు కాపు కాసిన దారిలోకి ఏ బావురుపిల్లీ అడుగుపెట్టదు. మన దుకాణం, మన పెళ్లి భోజనాలు, మన పండుగ వ్యర్థాలు కల్వర్టు దగ్గరకు చేరకుండా చూసుకోవడం పూర్తిగా మన చేతిలో ఉన్న పని. ఇందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

వానపడే రాత్రి గెడ్డలు, వంతెనలు దగ్గరపడినప్పుడు వాహనం వేగం తగ్గించడం రెండవది. దీనివల్ల జంతువుతోపాటు మన ప్రాణానికీ రక్షణ. ద్విచక్ర వాహనం మీద పోయేవారికి 10 కిలోల జంతువు అడ్డురావడం చిన్న ప్రమాదం కాదు. రోడ్డుమీద గాయపడిన లేదా చనిపోయిన నీటికుక్క, బావురుపిల్లి కనిపిస్తే, సురక్షితంగా వాహనం ఆపి, కిలోమీటరు రాయి నంబరు, వేళ రాసుకొని అటవీశాఖవారికి తెలపండి. జాతీయ రహదారి అయితే 1033కు కూడా చెప్పవచ్చు. ఒకేచోట రెండు మూడు మరణాలు నమోదైతే గట్టు ఎక్కడ కావాలో ఆ కాగితమే చెబుతుంది.

మూడవది, గొంతు విప్పడం. పెద్ద రహదారి ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరిపే పద్ధతి ఉంది. నష్టపరిహారం గురించి అడగడానికి మనం వెళతాం, వెళ్లాలి కూడా. ఆ వేదికపైనే మన ఊరి గెడ్డపై ఖానా ఎంత వెడల్పు వేస్తున్నారు, వరద రోజున దాని కింద పొడినేల మిగులుతుందా అని కూడా అడుగుదాం. ఈ ప్రశ్న రైతు తరఫునా చెల్లుతుంది, నోరులేని జీవి తరఫునా చెల్లుతుంది.

చేపల చెరువులున్న కుటుంబాలకు ఒక మనవి. ఈ జంతువులు చెరువులోకి వస్తే కోపం రావడం సహజం. ఉచ్చులు, విషం మాత్రం పరిష్కారం కావు. చట్టం దృష్టిలో అవి నేరం. గట్టు చుట్టూ వల కంచె, రాత్రి దీపం, కాపలా వంటి ఉపాయాలు ఉన్నాయి. నీటికుక్క నిలిచి బతుకుతున్న నీరు చేపలున్న నీరని, ఇంకా చెడిపోని నీరని కూడా గుర్తుంచుకుందాం. ఆ నీరే మన బావుల్లోకి ఊరుతుంది.

వానలు మొదలయ్యే ముందు ఒక ఉదయం పిల్లలను వెంటబెట్టుకొని మీ ఊరి కల్వర్టు దగ్గరకు వెళ్లండి. ఒడ్డున నిలిచి లోపలికి వంగి చూడండి. అవతలి వెలుతురు కనిపిస్తోందా? గోడ పక్కన కాలు మోపే చోటుందా? బురదలో పాదముద్రలు ఉన్నాయా? అయిదు వేళ్లు, వాటి మధ్య పొర ఆనవాలు ఉంటే అది నీటికుక్క. నాలుగు వేళ్లతో గుండ్రంగా ఉంటే పిల్లిజాతి. పాదముద్రలు కనిపిస్తే ఆ దారి బతికే ఉన్నట్లు. కనిపించకపోతే దానిని అడ్డుకుంటున్నది ఏమిటో పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు. చాలా చోట్ల అది మనం పారేసిన సంచే అయి ఉంటుంది.